షుగర్ అంచున ఉన్నవారికి చేతి బ్యాండు: దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి

పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య గానీ, దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య గానీ వస్తే ప్రీడయాబెటిస్ అంటారు. అప్పటికి అది షుగర్ జబ్బు కాదు, అలాగని వదిలేసే అంకే కాదు. ఆ రిపోర్టు చూసుకున్నాక చాలామంది మొదట కొనేది ఫిట్‌నెస్ బ్యాండో, స్మార్ట్ వాచో. కొనడం మంచిదే. అయితే పెట్టెలోంచి తీసి అలాగే కట్టుకుంటే, అది గొప్పగా చూపించే అంకెలకూ మీ షుగర్‌కూ పెద్దగా సంబంధం ఉండదు. అసలు పనికొచ్చే అంకెలు యాప్‌లో ఎక్కడో లోపల ఉంటాయి. ఇక్కడ ఏ ఒక్క మోడల్‌కూ మార్కులు వేయడం లేదు. చేతికి కట్టే ఈ తరహా పరికరాల లోపల ఉండేది దాదాపు ఒకటే: కదలికను పట్టే ఒక సెన్సరు, పచ్చ కాంతి వేసి గుండె వేగాన్ని చూసే మరో సెన్సరు. కాబట్టి మంచీ చెడూ కూడా అన్నింటికీ ఇంచుమించు ఒకేలా వర్తిస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తే మేలు. నడక విషయంలో దీన్ని నమ్మవచ్చు. కూర్చోవడం విషయంలో సగమే నమ్మాలి, ఆ సగాన్ని కూడా సెట్టింగులు మార్చి సంపాదించుకోవాలి. నిద్రలో పడుకున్న వేళ, లేచిన వేళ చాలు. క్యాలరీలు అసలు చూడొద్దు. షుగర్ చూపిస్తానంటే కొనొద్దు.

ముందు నడక. అమెరికాలో 3,234 మందితో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతం. అంటే బ్యాండు మీకు చేసిపెట్టాల్సిన మొదటి పని ఆ 150 నిమిషాల లెక్క. రోజుకు పదివేల అడుగులన్న అంకె మీద ప్రాణం పెట్టుకోనక్కర్లేదు. అది 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు ప్రచారంతో పాకిన అంకె, ప్రయోగశాలలో తేలింది కాదు. మొదటి రెండు వారాలు మామూలుగా తిరిగి, ఆ సగటు మీద వెయ్యో రెండువేలో పెంచుకుంటూ పోతే సరిపోతుంది.

చురుకైన నడక అంటే పెద్దవాళ్లకు సుమారుగా నిమిషానికి 100 అడుగులు. ఇది గుండె వేగం కన్నా నమ్మదగిన గుర్తు. మీ బ్యాండు అడుగులు సరిగా లెక్కేస్తోందో లేదో తేల్చుకోవడం తేలిక: చదునైన చోట మామూలుగా చేతులూపుతూ నోటితో లెక్కపెట్టుకుని 100 అడుగులు వేసి చూడండి, ఇలా మూడుసార్లు. తేడా ఐదారుకు మించకపోతే ఇబ్బంది లేదు. తర్వాత ఇదే పరీక్షను నెమ్మదిగా నడుస్తూ ఒకసారి, రెండు చేతుల్లో సంచులు పట్టుకుని ఇంకోసారి చేయండి. అక్కడే లోపం బయటపడుతుంది. మణికట్టు ఊగకపోతే బ్యాండుకు అడుగు తెలియదు. సామాన్ల బండి నెడుతున్నా, ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకున్నా, జేబులో చేతులు పెట్టుకున్నా, వాకర్ సాయంతో నడుస్తున్నా లెక్క పడిపోతుంది. అలాంటివాళ్లు ఫోను ప్యాంటు జేబులో పెట్టుకుంటే చేతి బ్యాండు కన్నా బాగా లెక్కేస్తుంది.

గుండె వేగాన్ని బట్టి నిమిషాలు లెక్కేసే యాప్‌లతో ఇంకో చిక్కుంది. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ మందులు, అంటే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి, వాడేవారికి ఎంత గట్టిగా నడిచినా గుండె వేగం పెద్దగా పెరగదు. యాప్‌లు సాధారణంగా 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ వేగం లెక్కగట్టి, దాన్నిబట్టి శ్రమ ఏ స్థాయిలో ఉందో చెప్పే జోన్లు నిర్ణయిస్తాయి. మందు వేసుకున్నవారు అరగంట చెమట పట్టేలా నడిచి వచ్చినా యాప్ సున్నా నిమిషాలు చూపించవచ్చు. అది చూసి నిరుత్సాహపడేవాళ్లున్నారు, ఇంకా వేగంగా పరుగెత్తబోయేవాళ్లూ ఉన్నారు. రెండోది ప్రమాదం. వీళ్లు జోన్ నిమిషాలను పక్కనపెట్టి అడుగుల వేగాన్నే చూసుకోవాలి, లేదా మాట పరీక్ష పాటించాలి: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

కండరాలకు పని చెప్పే వ్యాయామాన్ని ఈ పరికరాలు దాదాపు పట్టించుకోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి రెండు రోజులైనా అది చేయమంటున్నాయి. దాన్ని మీరే రాసుకోవాలి.

ఇక కూర్చోవడం. ఈ పరికరాల అసలు బలహీనత, అసలు ఉపయోగం రెండూ ఇక్కడే ఉన్నాయి.

పరిశోధకుల లెక్కలో కూర్చుని గడిపే సమయం అంటే మెలకువగా ఉండి, కూర్చునో, చేరగిలబడో, పడుకునో, ఒళ్లు పెద్దగా శక్తి ఖర్చు చేయని సమయం. ఇందులో ఒంటి భంగిమ ముఖ్యం. చేతి బ్యాండుకు తెలియనిది అదే. బల్ల ముందు కదలకుండా నిలబడి పనిచేస్తే కూర్చున్నారనుకుంటుంది. కూర్చుని చేతులతో జోరుగా పనిచేస్తుంటే తిరుగుతున్నారనుకుంటుంది. అందుకే పరిశోధనల్లో యాక్టివ్‌పాల్ లాంటి చిన్న పరికరాన్ని తొడ ముందుభాగంలో అతికిస్తారు. కూర్చుంటే తొడ అడ్డంగా ఉంటుంది, నిలబడితే నిలువుగా ఉంటుంది. ఆ కోణం చాలు, ఎన్నిసార్లు లేచారో, ఒక్కో విడత ఎంతసేపు కూర్చున్నారో తేలిపోతుంది. మణికట్టు నుంచి ఆ సంగతి కచ్చితంగా తెలుసుకోవడం కష్టం. కాబట్టి ‘ఈరోజు 9 గంటలు కూర్చున్నారు’ అని యాప్ చెబితే దాన్ని అంచనాగానే తీసుకోండి. పైగా కొన్ని యాప్‌లు బ్యాండు తీసి బల్ల మీద పెట్టిన సమయాన్ని కూడా కూర్చున్న ఖాతాలోనే వేసేస్తాయి.

మొత్తం గంటల సంగతి అలా ఉంచితే, షుగర్‌కు ఇంకా ముఖ్యమైనది ఏకబిగిన ఎంతసేపు కూర్చున్నారన్నది. 2012లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ప్రయోగంలో బరువెక్కువున్న 19 మందిని తీపి పానీయం తాగించాక ఐదు గంటలు కూర్చోబెట్టారు. ఇంకో రోజు ప్రతి 20 నిమిషాలకూ లేపి రెండు నిమిషాలు నడిపించారు. నెమ్మదిగా నడిచినా తాగాక షుగర్ పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. కాలి కండరాలు ముడుచుకున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి లాగేసుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంటికి ఇంతకన్నా దగ్గరి దారి ఏముంది? ఊరికే నిలబడితే ఇంత ఫలితం రాదు. కాళ్లు కదలాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా అరగంటకోసారి లేవమంటుంది.

ఇప్పుడు బ్యాండ్ల ‘లేవండి’ అలర్టును ఈ అరగంట లెక్కతో పోల్చి చూడండి. ఫిట్‌బిట్ పద్ధతి గంటకు 250 అడుగులు: అవి పూర్తికాకపోతే ఆ గంట ముగియడానికి పది నిమిషాల ముందు గుర్తుచేస్తుంది. యాపిల్ వాచ్ గంటలో ఒక నిమిషం లేచి కదలమంటుంది, అదీ గంట చివర్లోనే గుర్తుచేస్తుంది. రెండూ గడియారపు గంటను పట్టుకుని నడిచేవే. మీరు 9:05కి 250 అడుగులు వేశారనుకోండి, ఆ గంటకు టిక్కు పడిపోయింది. తర్వాత కూర్చుండిపోతే మళ్లీ పిలుపు వచ్చేది 10:50కే. గంటా నలభై అయిదు నిమిషాలు ఏకబిగిన కూర్చున్నా యాప్‌లో రెండు గంటలకూ పచ్చ చుక్కలు కనబడవచ్చు. షుగర్ అంచున ఉన్నవారికి ఈ డిజైన్ చాలదన్నది మా గట్టి అభిప్రాయం.

దీనికి విరుగుడు ఉంది. కొన్ని బ్యాండ్లలో అలర్టు విరామాన్ని 30 నిమిషాలకు మార్చుకోవచ్చు. కొనే ముందే ఆ సెట్టింగు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బ్యాండులోనే 30 నిమిషాల టైమరు పెట్టి, శబ్దం ఆపేసి, వణుకు (వైబ్రేషన్) మాత్రం ఉంచండి. వణికినప్పుడు లేచి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడిచి, మళ్లీ టైమరు నొక్కి కూర్చోండి. చెయ్యి ఊపి అలర్టును ఆపేయడం తేలికే, బ్యాండు నమ్ముతుంది కూడా. కండరం మాత్రం నమ్మదు. ఇంకో మాట: కొన్ని యాప్‌లలో మధ్యాహ్నం భోజన వేళ అలర్టులు రాకుండా ఆపే సెట్టింగు ఉంటుంది. దాన్ని తప్పకుండా తీసేయండి. తిన్న తర్వాతి గంటన్నరే షుగర్ పైకెక్కే సమయం, అప్పుడే అలర్టు కావాలి.

తిన్నాక నడక గురించి 2013 నాటి ఒక చిన్న ప్రయోగం చెప్పుకోదగ్గది. పరగడుపు షుగర్ కాస్త ఎక్కువున్న, అరవై దాటిన పదిమంది మీద చేశారు. ఉదయం ఒకేసారి 45 నిమిషాలు నడిచినా, మూడు పూటలా తిన్నాక 15 నిమిషాల చొప్పున నడిచినా రోజు మొత్తం మీద షుగర్ మెరుగైంది. రాత్రి భోజనం తర్వాతి షుగర్‌ను తగ్గించడంలో మాత్రం తిన్నాక నడకే ముందుంది. పదిమందే కాబట్టి దీన్ని చివరి మాట అనలేం. కానీ బ్యాండులో మూడు పూటలా భోజనం తర్వాత గుర్తుచేసేలా అలారం పెట్టుకోవడానికి ఖర్చేముంది? ఈ పరికరంతో చేయగల పనుల్లో ఇది అత్యుత్తమం.

నిద్ర దగ్గరికొస్తే కాస్త జాగ్రత్తగా ఉండాలి. 1999లో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. రక్తంలోంచి గ్లూకోజు తొలగే వేగం దాదాపు 40 శాతం పడిపోయింది. పెద్దవాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలని చెప్పేది ఇందుకు కూడా. బ్యాండు నిద్రను ఎలా పసిగడుతుంది? ఒళ్లు కదలకుండా ఉందా, గుండె వేగం తగ్గిందా అని చూస్తుంది, అంతే. నిద్రపట్టక కళ్లు తెరిచి కదలకుండా పడుకున్నా నిద్ర కిందే రాసుకుంటుంది. మంచం మీద వాలి సినిమా చూసినా అంతే. దాంతో నిద్రలేమి ఉన్నవారికే ఇది ఎక్కువ నిద్ర చూపిస్తుంది. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని విడగొట్టి చూపేది ఇంకా బలహీనం. వాటిని సరిగా తేల్చాలంటే మెదడు తరంగాలను కొలిచే పాలీసోమ్నోగ్రఫీ చేయాలి. ‘నిద్ర స్కోరు 62’ చూసి పొద్దున్నే దిగులుపడటం దండగ.

నమ్మదగినవి పడుకున్న వేళ, లేచిన వేళ. అవి కూడా తప్పుగా పడితే యాప్‌లో సరిచేసుకోవచ్చు. వారం రోజుల పడుకునే వేళలు వరుసగా చూడండి. ఒకరోజు పదింటికి, ఇంకోరోజు ఒంటిగంటకు ఉంటే మార్చాల్సింది అదే. షిఫ్టు పనివాళ్లు కొనే ముందు పగటి నిద్రను కూడా నమోదు చేస్తుందో లేదో చూసుకోవాలి, కొన్ని బ్యాండ్లు రాత్రి నిద్రనే పట్టుకుంటాయి. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టుందని పక్కవారు చెప్పడం, పగలంతా మత్తు: ఇవి ఉంటే బ్యాండులో నిద్ర బాగున్నట్టు కనిపించినా డాక్టరుకు చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే ఈ జబ్బు, స్లీప్ ఆప్నియా, షుగర్‌ను పెంచే సంగతి చాలామందికి తెలియదు.

యాప్‌లు చెప్పని ఒక లెక్క కూడా ఉంది. రోజుకు ఉన్నవి 24 గంటలే. నడక లక్ష్యం తప్పకూడదని తెల్లవారుజామున నాలుగింటికే లేస్తే ఆ నిమిషాలు నిద్రలోంచి పోతాయి. అవి కూర్చునే సమయంలోంచి రావాలి.

క్యాలరీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు పరికరాలను పరీక్షిస్తే ఆరింటిలో గుండె వేగం తప్పు 5 శాతం లోపే ఉంది. కానీ క్యాలరీల్లో అన్నింటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. ‘300 క్యాలరీలు కరిగాయి’ అని చూసి అదనంగా తింటే బరువు తగ్గదు.

సూది లేకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు మార్కెట్లో కనిపిస్తాయి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో వీటిని వాడొద్దని హెచ్చరించింది. అలా తనంతట తాను షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. చర్మం కింద సన్నని తీగ ఉండి షుగర్‌ను ఎడతెగకుండా కొలిచే సీజీఎం సెన్సరు పంపిన అంకెను వాచీ చూపించడం వేరే సంగతి, అది ఫర్వాలేదు.

కొనేటప్పుడు ఛార్జింగు అయిదు రోజులైనా నిలిచేది చూసుకోండి. రోజూ ఛార్జింగు పెట్టాల్సినవాటిని జనం రాత్రిపూటే పెడతారు, నిద్ర లెక్క కాస్తా పోతుంది. ఎక్కువగా వాడని చేతికి, మణికట్టు ఎముకకు ఒక వేలు పైన కట్టుకోండి. పట్టీ జారకూడదు, రక్తం ఆడనంత బిగుతుగానూ ఉండకూడదు. ఏ చేతికి కట్టారో యాప్‌లో కూడా అదే నమోదు చేయాలి, ఎత్తు, బరువు, వయసు సరిగా ఇవ్వాలి. సెన్సరు కింద పచ్చబొట్టు ఉంటే కాంతి అడ్డుపడి గుండె వేగం తప్పుతుంది, చెయ్యి మార్చండి. స్నానం చేశాక పట్టీనీ, చర్మాన్నీ ఆరబెట్టి కట్టుకుంటే దద్దుర్లు రావు.

అంకెలు చూసేటప్పుడు పరిశోధకుల నియమాన్నే వాడుకోండి: మెలకువగా ఉన్నప్పుడు పది గంటలైనా కట్టుకోని రోజును లెక్కలోకి తీసుకోవద్దు, వారంలో అలాంటి నిండు రోజులు నాలుగైనా ఉండాలి, వాటిలో ఒక సెలవు రోజు కలవాలి. వారానికోసారి మూడే మూడు రాసుకోండి: చురుగ్గా నడిచిన నిమిషాలు, పగలు లేవకుండా కూర్చున్న అతి పొడవైన విడత (మీ అంచనా చాలు), పడుకునే వేళల్లో ముందుకీ వెనక్కీ వచ్చిన తేడా. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు యాప్ గ్రాఫుల బదులు ఈ కాగితం చూపిస్తే ఆయనకు రెండు నిమిషాల్లో విషయం అర్థమవుతుంది. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు కాబట్టి, బ్యాండు కట్టుకున్న మొదటి నెలలోనే పరీక్ష చేయించి మార్పు లేదని వదిలేయకండి.