క్రీములు, షాంపూలు, ఒక హెచ్‌పీఎల్‌సీ: పీణ్యాలో ఆరేళ్లు

బెంగళూరు పీణ్యాలో మాది చిన్న టెస్టింగ్ ల్యాబ్. క్రీములు, షాంపూలు, బేబీ లోషన్లు వస్తాయి. వాటిలో ప్రిజర్వేటివ్ (పాడవకుండా వేసే మందు) ఎంత పడిందో లెక్క తేల్చి పంపాలి. ఆరేళ్లుగా ఈ పనంతా ఒక్క హెచ్‌పీఎల్‌సీ మీదే నడుస్తోంది. శాంపిల్‌ని ద్రవంతో ఒక గొట్టంలోంచి (అదే కాలమ్) తోసి, అందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే మిషన్ అది. ఒకేసారి చాలా తరంగదైర్ఘ్యాల వెలుగులో చూసే పీడీఏ డిటెక్టర్, 250 బై 4.6 మి.మీ. సీ18 రకం కాలమ్, లోపలి రేణువులు 5 మైక్రాన్లు. కంపెనీ పేరు చెప్పను. మిషన్ మంచిదే, సర్వీసు సంగతి మాత్రం అడగొద్దు. పంపు సీల్ పోతే మూడు వారాలు తిప్పించుకున్నారు. నిజం చెప్పాలంటే సీల్ పోవడంలో నా తప్పూ ఉంది. ఫాస్ఫేట్ బఫర్ కడగకుండా ఇంటికెళ్లాను, తెల్లారేసరికి లోపల ఉప్పు కట్టింది.

పారాబెన్‌లు అనే ప్రిజర్వేటివ్‌ల వరకు దీనికి వంక పెట్టలేను. కాలమ్‌లోంచి పారే ద్రవం (మొబైల్ ఫేజ్) మిథనాల్, నీళ్లు 60:40, నిమిషానికి 1 మి.లీ. మిథైల్, ఇథైల్, ప్రొపైల్, బ్యూటైల్ బడిపిల్లలు ఎత్తు ప్రకారం నిలబడ్డట్టు వరసగా వస్తాయి. మిథనాల్ బదులు అసిటోనైట్రైల్ వాడితే ప్రెషర్ తగ్గుతుంది గానీ ఖరీదెక్కువ. కాలమ్‌ని ఒకే వేడిలో ఉంచే కాలమ్ అవెన్ తప్పనిసరి. అది లేని పాత మిషన్‌లో ఒకే పదార్థం బయటికి రావడానికి బెంగళూరు పొద్దుటి చలికి ఒక టైమ్, మధ్యాహ్నానికి ఇంకో టైమ్ పట్టేది.

అసలు తిప్పలు శాంపిల్‌తోనే. మొదటి కాలమ్ రెండు నెలలకే పోయింది. క్రీమ్‌ని మిథనాల్‌లో సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో కదిలించి), 0.45 మైక్రాన్ ఫిల్టర్ వేసేదాన్ని. చిన్న సీసాలో చూస్తే మంచినీళ్లలా ఉండేది. అయినా ప్రెషర్ 160 బార్ నుంచి 280కి ఎక్కింది, గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే పీక్‌లు రెండుగా చీలాయి. కాలమ్ అమ్మినాయనతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. ఒకరోజు ఎందుకో ఆ ఫిల్టర్ చేసిన శాంపిల్‌ని టెస్ట్‌ట్యూబ్‌లో మొబైల్ ఫేజ్‌తో కలిపాను. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది! మిథనాల్‌లో కరిగిన మైనం నీళ్లు తగలగానే చలికి నెయ్యి పేరుకున్నట్టు పేరుకుని, కాలమ్ మూతి దగ్గర కూర్చుంటోందన్నమాట. ఆయనకు ఫోన్ చేసి సారీ చెప్పాను.

ఇప్పుడు ఒక గ్రాము క్రీమ్‌కి కొంచెం నీళ్లు కలిపిన మిథనాల్ పోసి, 60 డిగ్రీల వాటర్ బాత్‌లో కరిగించి, బాగా ఊపి, అరగంట ఐస్‌లో పెడతాను. మైనం అక్కడే గడ్డకడుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్, ఫిల్టర్. అసలు కాలమ్‌కి ముందు మురికి పట్టే చిన్న గార్డ్ కాలమ్. వేడి చేయడం మానేస్తే ఇంకో తంటా: బ్యూటైల్‌పారాబెన్ నూనెలో దాక్కుంటుంది. నా రికవరీ (వేసినదాంట్లో తిరిగి దొరికేది) 85 శాతం దాటేది కాదు, వేడి చేశాక 98కి వచ్చింది. దీన్ని తేల్చుకోవడానికి ప్రిజర్వేటివ్ వేయని ప్లేసిబో కావాలి. అది అడిగితే క్లయింట్లు ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

పీడీఏకి పెట్టిన డబ్బు వృథా కాదు. హిందూపురం నుంచి కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, పారాబెన్ లేదని రాసిన లోషన్‌లో మిథైల్ వచ్చింది!" టైమ్ దాదాపు అదే. స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు ఎంత పీల్చిందో చూపే గీత) తెరిచి చూడమన్నాను. మిథైల్‌పారాబెన్ 256 నానోమీటర్ల దగ్గర శిఖరం చూపాలి, ఇది 270 దగ్గర చూపుతోంది. ఫినాక్సీఇథనాల్ అనే వేరే ప్రిజర్వేటివ్! ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. ఒక్క 254 దగ్గరే చూసే డిటెక్టర్‌తో ఉంటే ఒక కంపెనీ మీద నింద వేసి ఉండేవాళ్లం.

లెక్కలో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. యూరప్‌కి పంపే సరుకులో ప్రొపైల్, బ్యూటైల్ కలిపి 0.14 శాతం దాటకూడదు, అదీ ఆసిడ్ లెక్కలో, అంటే పారాబెన్ బరువుని దాని మూల ఆసిడ్ బరువులోకి మార్చి. 0.17 శాతం ప్రొపైల్ ఉన్న క్రీమ్‌ని ఫెయిల్ అని రాశాను. ప్రొపైల్‌ని ఆసిడ్‌లోకి మార్చే 0.766తో గుణిస్తే 0.13, శుభ్రంగా పాస్. మా సార్ రిపోర్టు వెళ్లకముందే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

చేతకానివీ ఉన్నాయి. డీఎండీఎం హైడాంటోయిన్ లాంటి, ఫార్మాల్డిహైడ్ వదిలే ప్రిజర్వేటివ్‌లు ఈ డిటెక్టర్‌కి సరిగా కనబడవు, వేరే రసాయనంతో కలిపి రంగు తెప్పించాలి. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ మరీ కష్టం. కడిగేసే ఉత్పత్తుల్లో యూరప్ హద్దు 0.0015 శాతం. నా 60:40లో అది షాంపూ నురుగు పదార్థాలతో కలిసి మొదట్లోనే కొట్టుకొచ్చేస్తుంది. మిథనాల్ బాగా తగ్గించి కొన్ని నెలలు ప్రయత్నించాను, కుదరలేదు. ఆ శాంపిళ్లను ఎల్‌సీ-ఎంఎస్ (అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టే మిషన్) ఉన్న ల్యాబ్‌కి పంపేస్తున్నాం. రిపోర్టు ఆలస్యమైతే క్లయింట్ ఫోన్ మాత్రం నాకే వస్తుంది.