దువ్వడమా, కడగడమా, నీళ్ళమీద బోను పెట్టడమా? అడవి ఎలుకల ఒంటి పేలు, మైట్ల సర్వేకు ఏది మేలు

బెంగళూరు చుట్టుపక్కల ఎలుకల మీద, పందికొక్కుల మీద, ఉడుతల మీద ఉండే పేలనూ మైట్లనూ (నలుసంత నల్లులనూ) సర్వే చేయాలని పూనుకునేవాళ్ళు ముందుగా బోనుల గురించి ఆలోచిస్తారు. ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎరగా కొబ్బరిముక్క మంచిదా, వడ మంచిదా అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చేతికొచ్చిన జంతువు ఒంటి నుంచి పురుగును ఏ పద్ధతిలో తీయాలన్నది. ఒకే పందికొక్కును దువ్వితే ఒక జాబితా వస్తుంది, సబ్బునీళ్ళలో కడిగితే మరో జాబితా వస్తుంది, బతికుండగా నీళ్ళ ట్రే మీద రెండు మూడు రోజులు ఉంచితే ఇంకోటి వస్తుంది. ఈ మూడింటినీ ఒకే పట్టికలో కలిపేసిన సర్వే దేనికీ పనికిరాదు.

ఏది ఎంచుకోవాలో ఆ పురుగు బతికే తీరును బట్టి ఉంటుంది. పేను గుడ్డు నుంచి చావుదాకా జంతువు ఒంటిని వదలదు. ఈపుల్ని వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది, ఒంటి మీది నుంచి పడిపోతే కొద్దిరోజుల్లో చచ్చిపోతుంది. స్క్రబ్ టైఫస్ జ్వరం తెచ్చే చిగ్గర్ అనే మైట్ అలా కాదు. ఆరు కాళ్ళ పిల్లదశ మాత్రమే జంతువుకు అంటుకుని తింటుంది, కడుపు నిండాక నేల మీదికి రాలిపోతుంది, ఎనిమిది కాళ్ళ తర్వాతి దశలన్నీ మట్టిలోనే గడుపుతాయి. ఆర్నితోనిసస్ బకోటి అనే ఎలుక మైట్ గూట్లో కాపురం ఉండి రక్తానికి మాత్రం ఒంటి మీదికి వచ్చిపోతుంది. లేలాప్స్ మైట్లు ఒంటి మీదా గూట్లోనూ కనిపిస్తాయి. చర్మాన్ని తొలుచుకుపోయే సార్కాప్టిస్, నోటోయెడ్రిస్, వెంట్రుక కుదుళ్ళలో దాగే డెమోడెక్స్ ఏ దువ్వెనకూ చిక్కవు. వాటికి చర్మాన్ని గీకి చూడాల్సిందే.

దువ్వడం

బతికున్న జంతువును మళ్ళీ వదిలిపెట్టాలంటే ఇదొక్కటే దారి. హెసరఘట్ట గడ్డిబీళ్ళ లాంటి చోట, ఒకే జంతువును పదేపదే పట్టి చూసే అధ్యయనాల్లో, ఇంకోదానికి అవకాశమే లేదు.

బోను ఒంటరిదై ఉండాలి. ఒక్క జంతువునే పట్టే షెర్మన్ బోను దీనికి సరిపోతుంది. గోదాముల్లో వాడే వండర్ ట్రాప్‌లో ఒకే రాత్రి నాలుగైదు ఎలుకలు పడతాయి, లోపల ఒకదానిమీద ఒకటి ఎక్కి పేలనూ మైట్లనూ మార్చుకుంటాయి. ఏ పురుగు ఏ ఎలుకదో ఇక చెప్పలేం. బోనును సాయంత్రం పెట్టి తెల్లవారగానే తీయాలి. ఏప్రిల్ ఎండకు రేకు బోను కాలితే లోపలున్నది చచ్చిపోతుంది.

బోను మూతికి తెల్లగుడ్డ సంచి కట్టి జంతువును అందులోకి దింపాలి. ఒక జంతువుకు ఒక సంచి. పశువైద్యుల పర్యవేక్షణలో ఐసోఫ్లూరేన్‌తో మత్తు ఇచ్చి, తెల్ల ఎనామిల్ ట్రే మీద పట్టుకుని, పేలదువ్వెనతో ముందు తోక నుంచి తలవైపుకు ఎదురుదువ్వు, తర్వాత వాలుదువ్వు దువ్వాలి. మెడ వెనక, చంకలు, తోక మొదలు వదలకూడదు. ట్రేలో పలుచగా ఆల్కహాల్ పోస్తే రాలినవి పారిపోవు. చెవిడొప్ప లోపలి అంచున నారింజరంగు పొడి అద్దినట్టు కనిపించేవి చిగ్గర్లు. వాటిని లాగితే నోటిభాగం తెగిపోతుంది, అందుకే సన్నని స్కాల్‌పెల్ అంచుతో మెల్లగా గీకాలి. ఆఖరికి సంచిని తిరగేసి ట్రే మీద దులపాలి. మైట్లు తరచూ అక్కడే దొరుకుతాయి, చాలామంది ఈ పనే మరిచిపోతారు.

ఈ పద్ధతిలో చిక్కు మనిషిని బట్టి వస్తుంది. ఓపికున్నవాళ్ళు పది నిమిషాలు దువ్వుతారు, లేనివాళ్ళు మూడు నిమిషాల్లో ముగిస్తారు. అందుకే జంతువుకింత అని సమయం ముందే పెట్టుకోవాలి, వీలైతే సర్వే అంతా ఒకరే దువ్వాలి. దువ్వెనను ప్రతిసారీ వేడినీళ్ళలో ముంచి తుడవకపోతే పందికొక్కు పేను చిట్టెలుక ఖాతాలో చేరుతుంది. ఎంత బాగా దువ్వినా వెంట్రుకను కాళ్ళతో కరిచిపట్టుకునే లిస్ట్రోఫోరిడే, మయోబైడే కుటుంబాల మైట్లు మాత్రం సరిగా రాలవు.

కడగడం

రాగిచేలల్లో, గోదాముల్లో ఎలుకల నివారణలో చచ్చినవి దొరికినప్పుడు, లేదా నైతిక కమిటీ అనుమతితో చంపాల్సివచ్చినప్పుడు, ఇంతకు మించింది లేదు. ఒక్కో కళేబరాన్ని చావగానే విడి జిప్‌లాక్ సంచిలో మూసెయ్యాలి. ముందుగా రెండు చెవుల్నీ కోసి ఆల్కహాల్ సీసాలో వేయాలి, ఎందుకంటే చర్మంలో నోరు దింపిన చిగ్గర్లు కడిగినా ఊడవు. తర్వాత వెడల్పు మూతి సీసాలో ఒళ్ళు మునిగేంత నీళ్ళు, రెండు మూడు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి అయిదు నిమిషాలు గట్టిగా కుదపాలి. ఆ నీళ్ళను జల్లెడల మీదుగా వడగట్టి, ఏమీ రానంతవరకు కడుగుతూనే ఉండాలి. మామూలుగా మూడు కడుగులు పడతాయి.

ఎక్కువమంది పొరపడేది జల్లెడ దగ్గరే. తినని చిగ్గర్ పిల్ల పొడవు సుమారు 0.2 మిల్లీమీటర్లు, వెడల్పు ఇంకా తక్కువ. 150 మైక్రాన్ల జల్లెడ ఒక్కటే పెడితే అది జారిపోతుంది. పైన 150 మైక్రాన్లది వెంట్రుకల్ని ఆపడానికి, కింద 75 మైక్రాన్లది మైట్లను ఆపడానికి, రెండూ కావాలి. పైజల్లెడలో మిగిలిన వెంట్రుకల్ని పారెయ్యకుండా పెట్రీడిష్‌లో విప్పి స్టీరియో మైక్రోస్కోప్ కింద చూడాలి, పేలన్నీ అందులోనే ఉంటాయి. నురగ ఎక్కువైతే మైట్లు బుడగల్లో చిక్కుకుని పైకి తేలిపోతాయి, ఆల్కహాల్ స్ప్రే ఒక్కసారి కొడితే నురగ అణిగిపోతుంది.

సంఖ్య విషయంలో కడగడమే గెలుస్తుంది. కానీ ఏ పురుగు తలమీదిదో, ఏది తోకదగ్గరిదో తెలియకుండా పోతుంది. ఆ సమాచారం కావాలంటే తలను, ఒంటిని వేరువేరు సీసాల్లో కడగాలి.

నీళ్ళమీద బోను

ఇది చిగ్గర్ల కోసమే. బతికున్న ఎలుకను జాలీ అడుగున్న బోనులో ఉంచి, కింద నీళ్ళ ట్రే పెడతారు. కడుపు నిండిన చిగ్గర్లు రాలి నీటిమీద తేలుతాయి. 48 నుంచి 72 గంటలు పడుతుంది, నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే మూత్రం, మేత కలిసి కుళ్ళిపోతాయి. పురుగు చెక్కుచెదరకుండా, బతికి దొరుకుతుంది కాబట్టి ల్యాబ్‌లో పెంచాలనుకునేవాళ్ళకు దీనికి సాటిలేదు. పేల సర్వేకు దండగ, పేను దిగి రాదు కదా.

కొత్తగా మొదలుపెట్టే బృందానికి, జంతువుల్ని వదిలిపెట్టే సర్వే అయితే, దువ్వడమే మూలపద్ధతిగా పెట్టుకోమంటాం. అయితే అనుమతితో కొన్నింటిని దువ్విన తర్వాత కడిగి చూడాలి. ఉదాహరణకు, పది ఎలుకలను దువ్వితే 60 పేలు, తర్వాత అవే ఎలుకలను కడిగితే ఇంకో 40 వచ్చాయనుకుందాం. అప్పుడు మన దువ్వెన నూటికి 60 మాత్రమే పడుతోందని తేలుతుంది. ఈ నిష్పత్తి పేలకు వేరు, మైట్లకు వేరు, ఒక్కో జంతువుకూ వేరు. దీన్ని విడిగా రాస్తే, కడిగి లెక్కపెట్టిన మరో ఊరి సర్వేతో పోల్చే ఆస్కారం ఉంటుంది.

బన్నేరుఘట్ట దారిలో బండ్ల కింద పడి చచ్చిన ముంగిసలు, పునుగుపిల్లుల నుంచి సేకరించవచ్చా అని అడుగుతుంటారు. ఏ జాతులున్నాయో తెలుసుకోవడానికి పనికొస్తుంది, ఎన్ని ఉన్నాయో చెప్పడానికి పనికిరాదు. ఒళ్ళు చల్లబడగానే ముందు గెంతే పురుగులు, అంటే ఫ్లీలు దిగిపోతాయి, తర్వాత తిరుగాడే మైట్లు జారుకుంటాయి, పేలు మాత్రం చాలాసేపు అంటిపెట్టుకుని ఉంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువైతే కళేబరాన్ని ముట్టుకోవడానికైనా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పశ్చిమ కర్ణాటక కొండప్రాంతమైన మలెనాడు వైపు చచ్చిపడిన కోతిని మాత్రం ఏ పరిస్థితిలోనూ ముట్టుకోకూడదు. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూర్ అడవి జ్వరం గోమార్ల (రక్తం పీల్చే టిక్‌ల) ద్వారా వస్తుంది, చచ్చిన కోతి నుంచి దిగే గోమార్లు చుట్టుపక్కలే ఉంటాయి. దూరం నుంచే అటవీ, ఆరోగ్య సిబ్బందికి చెప్పి తప్పుకోవాలి. ఎలుకల పనిలోనూ గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు ఉండాల్సిందే. పని ముగిసిన రెండు వారాల్లో జ్వరమొస్తే ఎలుకలతో పనిచేశామని డాక్టరుకు ముందే చెప్పాలి.

70 శాతమా, 95 శాతమా

స్లైడ్ మీద చూసి గుర్తించడానికి 70 శాతం ఇథనాల్ మేలు, కాళ్ళు మెత్తగా వంగుతాయి. డీఎన్ఏ తీయాలంటే 95 శాతం ఇథనాల్, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. అందులో ఉంచినవి పెళుసై, స్లైడ్ ఎక్కించేటప్పుడు కాళ్ళు ఊడతాయి. ఒకే జంతువు నుంచి ఎక్కువ దొరికితే రెండు సీసాలుగా పంచుకోవడం ఉత్తమం. లేబుల్‌ను పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి మొత్తం ఖాళీ కాగితంగా మారుతుంది, అప్పుడిక ఆ సీసాలోవి ఎక్కడివో ఎవరికీ తెలియదు.

హోయర్సా, కెనడా బాల్సమా

ఈ రెండూ పురుగును స్లైడ్ మీద నిలిపి ఉంచే ద్రవాలు. ఇక్కడ సందేహమే లేదు, మైట్లకు హోయర్స్, పేలకు బాల్సమ్. బాల్సమ్, మైట్ పైపొర రెండూ వెలుతురును దాదాపు ఒకేలా వంచుతాయి, దాంతో సన్నని నూగు కనిపించకుండా కలిసిపోతుంది. మైట్‌ను గుర్తించేది ఆ నూగుతోనే. హోయర్స్‌కు 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 30 గ్రాముల గమ్ అరబిక్, 200 గ్రాముల క్లోరల్ హైడ్రేట్, 20 మిల్లీలీటర్ల గ్లిజరిన్ ఇదే వరసలో, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి కలపాలి. వేడిచేయకూడదు. స్లైడ్‌ను 45 నుంచి 50 డిగ్రీల ఓవెన్‌లో కనీసం వారం ఆరబెట్టి, తర్వాతే కవర్‌స్లిప్ చుట్టూ సీలు వేయాలి. పచ్చిగా ఉండగా సీలు వేస్తే లోపల బుడగలు, పలుకులు కడతాయి. హోయర్స్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బెంగళూరులో సరిపడే ఆరబెట్టే కాలం చెన్నై తేమలో చాలదు, అక్కడ సీలు రెండు పొరలుగా వేసుకోవాలి.

పేనుకైతే పక్కన చిన్న గాటు పెట్టి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఓ రోజు నానబెట్టి, లోపలి రక్తాన్ని మెల్లగా నొక్కి తీసేసి, నీళ్ళలో కడిగి, ఆల్కహాల్ గాఢత పెంచుకుంటూ పోయి, లవంగనూనె మీదుగా బాల్సమ్‌లోకి దింపాలి. ఈ స్లైడ్ దశాబ్దాలు నిలుస్తుంది.

కంటితో గుర్తించడమా, డీఎన్ఏనా

తల ఎదభాగం కన్నా సన్నగా ఉంటే రక్తం పీల్చే పేను, వెడల్పుగా ఉంటే నమిలే పేను. ఎలుకల మీద మన ప్రాంతంలో తరచూ తగిలే రక్తపు పేలు పాలిప్లాక్స్, హాప్లోప్లూరా. పొట్ట మొదట్లోని అడుగుపలక పక్కపలకను తాకేదాకా సాగితే హాప్లోప్లూరా అనుకోవచ్చు. చిగ్గర్‌కైతే వీపుమీది చిన్న కవచం, అంటే స్క్యూటమ్ చాలా సంగతులు చెబుతుంది. లెప్టోట్రాంబిడియం అనే చిగ్గర్ ప్రజాతిలో అది దీర్ఘచతురస్రంగా ఉండి, అయిదు ఈకల్లాంటి నూగు పోగులు, మధ్యన దారంలాంటి రెండు స్పర్శపోగులు కనిపిస్తాయి. ఆ స్పర్శపోగులు దారంలా కాక ఉబ్బి గుండ్రంగా ఉంటే అది షోంగాస్టియా లాంటి వేరే ప్రజాతిది. లెప్టోట్రాంబిడియం డెలియెన్స్‌ను దగ్గరి జాతుల నుంచి విడదీయాలంటే స్క్యూటమ్ వెడల్పు, పోగుల మధ్య దూరాలు ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్‌లో కొలిచి, వీపు నూగును వరసవారీగా లెక్కపెట్టాలి.

డీఎన్ఏ బార్‌కోడ్‌తో, అంటే జాతిని పట్టిచ్చే చిన్న డీఎన్ఏ ముక్కతో, త్వరగా తేలుతుందని ఆశపడతారు. ఆ ముక్కను (సీఓఐ జన్యువును) కాపీ చేయడానికి వాడే మామూలు ప్రైమర్లు మైట్లలో తరచూ అతుక్కోవు. పేలలోనైతే మైటోకాండ్రియా డీఎన్ఏయే ముక్కలుగా ఉంటుంది. మనిషి పేనులో అది చాలా చిన్న వలయాలుగా విడిపోయి ఉంటుంది. ఇక పోల్చడానికి మన జంతువుల పేల సీక్వెన్స్‌లు డేటాబేస్‌లలో తక్కువే. అందుకని మొదటి సర్వేకు స్లైడే ఆధారం. కానీ కంటితో తేలని పిల్లదశలకు, ఆడవి మాత్రమే దొరికినప్పుడు, డీఎన్ఏ తప్ప వేరే దారి లేదు. అలాంటప్పుడు పురుగును నూరకుండా, పక్కకు చిన్న గాటు పెట్టి ఎంజైమ్‌లో ఉంచి డీఎన్ఏ బయటికి రప్పించే పద్ధతి ఎంచుకోవాలి. మిగిలిన డొల్లను హోయర్స్‌లో ఎక్కించి, సీక్వెన్స్ సంఖ్యను ఆ స్లైడ్ లేబుల్ మీదే రాయాలి. స్లైడ్ పని చేయి తిరగడానికి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం జీకేవీకేలో పంట నల్లుల (మైట్ల) మీద పనిచేసేవాళ్ళ దగ్గర కూర్చోవడం మంచిది. పురుగులు వేరైనా స్లైడ్ పని దాదాపు అదే.

లెక్కల్లో మూడు అంకెల్నీ ఇవ్వాలి. 20 ఎలుకల్లో 8టికి పేలుండి, మొత్తం 96 దొరికాయంటే, సోకినవి 40 శాతం, సోకినదానికి సగటు 12, చూసిన ఎలుకకు సగటు 4.8. చిగ్గర్లకు ఈ మూడో అంకె కడితే దాన్నే చిగ్గర్ ఇండెక్స్ అంటారు, మనదేశంలో స్క్రబ్ టైఫస్ ప్రమాదానికి 0.69ని గీటురాయిగా వాడతారు. కాబట్టి పురుగు దొరకని ఎలుకల్ని కూడా పుస్తకంలో ఒక్కొక్క వరుసగా, సున్నా వేసి రాయాలి. అవి లేకుంటే ఈ ఇండెక్స్ కట్టడమే కుదరదు.