తొమ్మిదేళ్ళుగా వాయిస్తున్న నా ఇరానీ సంతూర్

టొరంటోలో ఒక ఇరానీ గురువుగారి దగ్గర పాఠాలు మొదలుపెట్టిన రెండో నెలలో కొన్నాను దీన్ని. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. పెట్టె అక్రోటు చెక్కది. ఎక్కడా బీట వేయలేదు, నాదం మాత్రం మొదటి రోజుకన్నా నిండుగా ఉంది.

సంతూర్ అనగానే మనకి శివకుమార్ శర్మగారు ఒళ్ళో పెట్టుకుని వాయించిన కశ్మీరీ సంతూర్ గుర్తొస్తుంది. ఇరాన్‌ది దానికి చుట్టమే గానీ వేరు. బల్ల మీద పెట్టి వాయిస్తారు. రెండు వైపులా తొమ్మిదేసి బ్రిడ్జీలు, ఒక్కో బ్రిడ్జి మీద నాలుగు తీగలు, మొత్తం 72. బ్రిడ్జిని పార్సీలో ఖరక్ అంటారు, అంటే చిన్న గాడిద. వీణ మీద మనం గుర్రం అంటామే, అదే. కుడివైపు ఇత్తడి తీగలు మంద్రస్థాయి, ఎడమవైపు ఉక్కు తీగలు మధ్యస్థాయి. అవే ఉక్కు తీగల్ని బ్రిడ్జికి అవతలి పక్క కొడితే అదే స్వరం తారస్థాయిలో పలుకుతుంది.

కష్టమంతా శ్రుతి దగ్గరే. నాలుగు తీగల్లో ఒక్కటి వెంట్రుకవాసి జారినా స్వరం వణుకుతుంది. మొదటి చలికాలం ఇంట్లో హీటర్ వేడికి రోజూ గంటన్నర శ్రుతి చేయడానికే పోయేది, ఏడుపొచ్చేది. గదిలో హ్యుమిడిఫయర్ పెట్టాక కుదుటపడింది, ఇప్పుడు అరగంట చాలు. ఒకసారి కారులో తీసుకెళ్తుంటే ఒక బ్రిడ్జి కాస్త జరిగింది. దాంతో మధ్యస్థాయి స్వరం ఒకవైపు, తారస్థాయి స్వరం ఇంకోవైపు పోయాయి. తీగ బిగించే మేకు తిప్పితే రెండూ కలిసే కదులుతాయి కాబట్టి అది పనిచేయదు, బ్రిడ్జినే వేలితో మెల్లగా వెనక్కి నెట్టాలి. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇంకో ఇబ్బంది, ఒక దస్తగాహ్ (మన రాగం లాంటి ఇరానీ స్వరవ్యవస్థ) నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే చాలాసార్లు కొన్ని తీగల్ని మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. అందుకే కచేరీలు చేసేవాళ్ళు రెండు మూడు సంతూర్లు పెట్టుకుంటారు.

అయినా దీన్ని వదలలేను. మాహూర్ అనే దస్తగాహ్ వాయిస్తుంటే అమ్మ ఫోన్‌లో విని "శంకరాభరణమా?" అంది. స్వరాలు అంత దగ్గర. తర్వాత షూర్ మొదలుపెట్టగానే "రిషభం తప్పింది, చూసుకో" అంది. తప్పలేదు. షూర్‌లో రిషభం మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్యలో ఉంటుంది, స్వరాన్ని అలా కాస్త తగ్గించడాన్ని కొరొన్ అంటారు. ఆ స్వరం చెవికి పట్టడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు అది వినకుండా రోజు గడవదు.

మెజ్రాబ్‌ల గురించి ఒక మాట. తీగల్ని కొట్టే ఈ పుల్లలు చాలా తేలిక, వేళ్ళ మధ్య ఆడుతుంటాయి. ఇప్పుడు ఎక్కువమంది కొసలకి ఫెల్ట్ అంటించి వాయిస్తారు. హబీబ్ సమాయీ లాంటి పాతతరం వాళ్ళది ఉత్త చెక్కే. నేను రెండూ ఉంచుకున్నాను. తీగల మోత ఆపే ఏర్పాటు ఈ వాద్యానికి లేదు కాబట్టి, వేగంగా వాయించేటప్పుడు ఫెల్ట్‌తో స్వరాలు ఒకదాని మీద ఒకటి అంతగా పడవు. తాళం లేకుండా సాగే నెమ్మదైన ఆవాజ్‌కి నాకు ఉత్త చెక్కే ఇష్టం.

కొనేవాళ్ళు దుకాణంలోనే ప్రతి ఉక్కు తీగనీ బ్రిడ్జికి రెండు పక్కలా కొట్టి, స్థాయి కలుస్తోందో లేదో వినండి. తర్వాత మేకుల్ని తిప్పి చూడండి, వదులుగా ఉంటే తీసుకోవద్దు.