పిల్లలతో సైకిల్ సెలవులు: నీల్ దీవా, హావ్‌లాకా?

అండమాన్‌లో ఈ రెండు దీవుల మధ్యే (ఇప్పుడు అధికారిక పేర్లు షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్) అందరికీ ఊగిసలాట.

తొక్కడం: నీల్ చిన్నది, దాదాపు చదును. జెట్టీ (పడవల రేవు) పక్కనే భరత్‌పూర్ బీచ్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ బీచ్‌లు కూడా సైకిల్ దూరమే. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ జెట్టీకి 10 కిలోమీటర్ల పైనే, మధ్యలో ఎత్తుపల్లాలు. పదేళ్ల పిల్లాడు సగం దారిలోనే అలుగుతాడు, ఆటో మాట్లాడుకోవాల్సిందే.

నీళ్లు: నీల్‌లో ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పగడపు రాళ్లు బయటపడతాయి, చెప్పుల్లేకుండా దిగొద్దు. ఈతకు రాధానగర్ ఇసుకే మేలు. ఎక్కడైనా మొసళ్ల హెచ్చరిక బోర్డు కనబడితే వాదన వద్దు.

ఖర్చు: స్కూబా, రిసార్టులు హావ్‌లాక్‌లోనే ఎక్కువ, జేబుకు చిల్లు కూడా.

చిన్నపిల్లలుంటే నీల్. ఈదగలిగే పెద్దపిల్లలుంటే హావ్‌లాక్, సైకిల్ మాత్రం అక్కడి కాలాపత్థర్ బీచ్ వైపు తొక్కండి.