సోమవారం అర్జీల వేదిక: ధర్నా అయ్యాక వెళ్లాల్సిన చోటు

విశాఖలో ఏ సమస్య వచ్చినా అడుగులు ముందు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం వైపే పడతాయి. నినాదాలు, పేపర్లో ఫొటో, చివర్లో అధికారి చేతికి ఒక వినతిపత్రం. చాలా పోరాటాలు ఆగిపోయేది అక్కడే. నమోదు కాని కాగితం ఎటుపోయిందో అడిగినా చెప్పే దిక్కుండదు. కలెక్టరేట్లోనూ, జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలోనూ సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక అక్కరకొచ్చేది ఇందుకే. అర్జీ నమోదైతే నంబరుతో రసీదు ఇస్తారు. ఎక్కడిదాకా వచ్చిందో 1100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

అయితే సగం ఫలితం అర్జీ రాయడంలోనే ఉంది. ‘మా వీధిలో డ్రైనేజీ అధ్వానంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు’ అని రాస్తే పని జరగదు. వీధి కాలువలో పూడిక తీయాల్సింది ప్రజారోగ్య విభాగం, కొత్త కాలువ కట్టాల్సింది ఇంజినీరింగ్ విభాగం. రెండూ ఒకే కాగితంలో కలిపేస్తే పూడిక తీయించి ‘పరిష్కారమైంది’ అని మూసేస్తారు, కాలువ మాట అక్కడే ఉండిపోతుంది. ఒక అర్జీలో ఒక్కటే అడగండి. వార్డు నంబరు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి వరకు, ఎన్ని మీటర్లు, తేదీ వేసిన ఫొటో, పాత అర్జీ ఉంటే దాని నంబరు. పేజీ దాటనివ్వొద్దు.

ఈ వ్యవస్థలో అసలు లోపం ముగింపు దగ్గర ఉంది. ‘నిధులు రాగానే చేపడతాం’ అని రాసి అర్జీని మూసేస్తుంటారు. అది హామీ మాత్రమే, పరిష్కారం ఎలా అవుతుంది? ఒప్పుకోకుండా రీఓపెన్ చేయమనండి. ఆ వారంలోనే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు దాటేయడం తేలిక; ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్నదే. పని ఖర్చు అంచనా ప్రతి, పరిపాలనా ఆమోదం ఉత్తర్వు, టెండరు తేదీ, ఫైలు నోట్ నకలు అడగండి. గడువు 30 రోజులు, రాకపోతే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అసలు అంచనాయే వేయలేదని జవాబొస్తే నిరాశపడొద్దు, పని ఏ టేబుల్ దగ్గర ఆగిందో తేలిపోయినట్టే. కొత్త బడ్జెట్ ఏప్రిల్ నుంచి కాబట్టి డిసెంబరులోగా అంచనా వేయించేలా పట్టుబట్టాలి.

ధర్నాలు దండగని మాత్రం అనుకోవద్దు. 1966లో 32 మంది ప్రాణాలు పోయిన ‘విశాఖ ఉక్కు’ ఉద్యమమే లేకపోతే ఉక్కు ఫ్యాక్టరీ ఊసే ఉండేది కాదు. కానీ శంకుస్థాపన 1971లో, జాతికి అంకితం 1992లో. నడుమ గడిచిందంతా భూసేకరణ, నిధులు, ఢిల్లీ చుట్టూ ప్రదక్షిణలు. ఫ్యాక్టరీకి భూములిచ్చి, పునరావాస కార్డు (ఆర్ కార్డు) ఉన్నా ఉద్యోగం రాని నిర్వాసితులు ఆ తర్వాతా దశాబ్దాల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చినప్పుడు ఫ్యాక్టరీ దగ్గర కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం అవసరమే అయింది. కేంద్రం తేల్చాల్సిన విషయాన్ని సోమవారం అర్జీతో కదిలించలేం.

కాలువ, వీధిదీపం, పింఛను, భూమి రికార్డు లాంటి వాటికి మాత్రం ఈ వేదికను గట్టిగా సిఫారసు చేస్తాం. కాలనీ సంఘం తరఫున వెళ్తే, ఊళ్లోనే ఉండే మనిషి ఫోన్ నంబరుతో నమోదు చేయించండి. రసీదు జిరాక్సులు ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి.