‘నిజాం కాలం తుపాకి’ కొనేవాళ్లూ, డబ్బు తీసేముందు గొట్టంలోకి లైటు వేయండి

సాలార్‌జంగ్‌లో ఆయుధాల గ్యాలరీ చూసి, ఆ ఊపులోనే పాతబస్తీ సందుల్లోకి తిరిగినవాళ్లకు ఆ దుకాణం తెలిసే ఉంటుంది. గోడ మీద డాళ్లు, మూలన నిలబెట్టిన వత్తి తుపాకులు (వెలిగించిన వత్తితో మందు అంటించి పేల్చే పాతకాలపువి), గల్లాపెట్టె దగ్గర మహా మర్యాదస్తుడు. పేరు రాయను. 38 వేలు పోస్తే చేతికొచ్చింది నీళ్ల పైపుకు బిగించిన పాలిష్ కర్ర.

డబ్బు కన్నా ఫోన్లో ఆయన అన్న మాటకే ఒళ్లు మండుతోంది. కొనేదాకా “సాబ్, మ్యూజియంలో ఉన్నదానికి ఇది జోడీ, ఒకే ఇంటి సామాను” అన్నాడు. ఫొటోలు పంపి నిలదీస్తే “పాతదని నేనెక్కడ రాసిచ్చిన? బిల్లు సూస్కో” అన్నాడు. చూస్తే నిజమే. “హ్యాండీక్రాఫ్ట్ డెకరేషన్ పీసు, ఒకటి” అని ముత్యాల్లాంటి అక్షరాలు! అక్కడితో ఆగాడా? “మ్యూజియంల ఉన్నయి అసలువని నీకెవరు జెప్పిండ్రు?” అని ఎదురు ప్రశ్న. డబ్బు ముట్టేదాకా సాబ్, ముట్టాక నువ్వు. ఆ బిల్లు రాసేటప్పుడే ఆయనకు అంతా తెలుసు, చేయి కూడా వణకలేదు.

సరే, వాళ్ల పనితనం ఎక్కడ బయటపడుతుందో చూడండి. అసలు వత్తి తుపాకి గొట్టం కమ్మరి కొలిమిలో ఇనుప పట్టీని చుట్టి, కాల్చి, కొట్టి అతికినది. లోపల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మూతి దగ్గర ఫోను లైటు వేసినప్పుడు గొట్టం పొడవునా గీటుగీసినట్టు ఒకే తిన్నని అతుకు కనిపిస్తే అది ఫ్యాక్టరీ పైపు. తర్వాత రంజకపు గిన్నె, అంటే వత్తి తగిలి అంటుకునే మందు పోసే చిన్న గిన్నె, దాని పక్కనున్న చిల్లి. నిప్పు అందులోంచే లోపలి మందుకు చేరాలి కాబట్టి అది గొట్టంలోకి దిగే తీరాలి. సన్నని తీగ పెట్టి చూడండి. నకిలీవాటిలో పైపైన డ్రిల్లుతో పొడిచిన గుంట మాత్రమే ఉంటుంది, తీగ నాలుగు మిల్లీమీటర్లకే ఆగిపోతుంది. నిజంగా కాల్చిన తుపాకికి ఆ చిల్లి చుట్టూ ఇనుము తినేసి గుంటలు పడి ఉంటుంది. దాన్ని యాసిడ్‌తో అచ్చం అలాగే తెప్పించడం కష్టం. యాసిడ్ తుప్పు అంతటా ఒకేలా, నారింజ రంగులో పొడిపొడిగా వేలికి అంటుతుంది. వయసుతో వచ్చినది ముదురు గోధుమ రంగులో గట్టిగా పట్టి ఉంటుంది, చేయి తగిలే చోట అరిగి, మూలల్లో దట్టంగా.

వత్తిని పట్టే కొక్కెం కర్రలోని చీలిక నుంచి పైకి వస్తుంది. మీట నొక్కితే ముందుకు వంగి నేరుగా గిన్నెలో పడాలి. నాకు అంటగట్టినదానిలో అరంగుళం పక్కకు పడుతోంది. అంటే అది పుట్టిన రోజు నుంచీ పేలే యోగం లేదు! గొట్టాన్ని కర్రకు కట్టేది పచ్చితోలు, తీగ, లేదా లోహపు పట్టీలు. ప్లస్ గుర్తు స్క్రూ కనిపించిందా, ఇక బేరమే వద్దు, ఆ స్క్రూ లోకంలోకి వచ్చింది 1930ల్లో. బంగారు నగిషీ అన్నదాని మీద, ఎవరూ చూడని మూల, గోళ్లరంగు తుడిచే ద్రవంలో ముంచిన దూది రుద్దండి. కొఫ్తగిరీ, అంటే ఇనుము మీద గీతలు గీసి బంగారు తీగ కొట్టి అతికే అసలు పని అయితే కదలదు. తీగ ఊడిపోయిన చోట అడ్డదిడ్డంగా గీసిన సన్నని గీతలు కూడా కనిపిస్తాయి. దూదికి పసుపు అంటిందంటే అది డబ్బా పెయింటు. ఇక “1857” అని చెక్కి ఉంటే నవ్వుకుని బయటికి రండి.

ఒక జాగ్రత్త మాత్రం అసలు సరుకు దొరికినవాళ్లకు. మూతిలోంచి చెక్క పుల్ల దించి, ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కన పెట్టి కొలవండి. చిల్లి దాకా చేరకుండా రెండు మూడంగుళాల ముందే ఆగితే లోపల ఎప్పటిదో మందూ గుండూ ఉండొచ్చు. ఆ తుపాకిమందు తడవకుండా ఉంటే వందేళ్లయినా అంటుకుంటుంది. పొడవకండి, వేడి చేయకండి, దగ్గర అగ్గిపుల్ల గీయకండి.

చట్టం సంగతి వాళ్లు చెప్పరు, నేను చెప్తాను. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. కాబట్టి ఆ లైసెన్సు చూపించమనండి. చూపించలేదా, అయితే వస్తువు నకిలీ, లేదంటే వ్యాపారం దొంగది. “పాతది సాబ్, తుపాకి లైసెన్సు అక్కర్లేదు” అనే మాటనూ నమ్మొద్దు. మూతిలోంచి మందు కూరే నాటు తుపాకికీ ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. వాడుకకు పనికిరాని పాతకాలపు రకాలకు మినహాయింపు ఉంది గానీ, ఏది ఆ కోవలోకి వస్తుందో తేల్చేది గల్లాపెట్టె ముందున్నాయన కాదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చి గోడకు తగిలించుకుందామని చూసేవాళ్లు మరీ జాగ్రత్త, బొమ్మ తుపాకినైనా విమానంలో మీ వెంట క్యాబిన్‌లోకి రానివ్వరు.

కొనాలనే ఉంటే బిల్లు మీద “వందేళ్లకు పైబడిన వత్తి తుపాకి” అని రాయించుకుని సంతకం పెట్టించండి. కలం ఆగిపోతే మీరూ ఆగిపోండి. అంతకన్నా ముందు గ్యాలరీలో గిన్నె, చిల్లి, పట్టీలు దగ్గరగా చూసి రండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.