కూలెంట్‌లో ఇంజిన్ ఆయిల్: ఆయిల్ కూలర్ మార్చి రెండేళ్లు నడిపాక

మాది 2011 మోడల్ డీజిల్ సెడాన్. టర్బో, కామన్ రైల్, మాన్యువల్ గేర్లు. రెండు లక్షల కిలోమీటర్లు దాటాక ఒకరోజు కూలెంట్ డబ్బా మూత తీస్తే ఆకుపచ్చ నీళ్లు లేవు, కాఫీ రంగులో చిక్కటి జిగట తేలుతోంది. వేలికి రాసుకుంటే ఇంజిన్ ఆయిలే. ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి రేడియేటర్‌లోనే గేరుబాక్సు ఆయిల్ కూలర్ ఉంటుంది కాబట్టి అక్కడ ఆ అనుమానం కూడా పడాలి. మాకు ఆ గొడవ లేదు.

మొదట చూపించిన షెడ్డులో మూత తీసి చూడగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, హెడ్డు దించాలి" అన్నారు. అంటే ఇంజిన్ బ్లాకుకీ, పైనుండే హెడ్డుకీ మధ్య ఉండే సీలు. టెస్టు ఒక్కటీ చేయలేదు. నాకు మింగుడు పడలేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగం దాటలేదు, తెల్ల పొగ లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. ఇవన్నీ ఎక్కువగా ఆయిల్ కూలర్ వైపే చూపిస్తున్నాయి, అంటే ఇంజిన్ ఆయిల్‌ని కూలెంట్‌తో చల్లబరిచే ప్లేట్ల భాగం.

బండి పరుగులో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 3 నుంచి 5 బార్ దాకా ఉంటుంది. కూలెంట్ వైపు వేడెక్కాక కూడా సుమారు 1 బార్, మరీ పెరిగితే మూత వదిలేస్తుంది. అందుకే కూలర్ లోపల ప్లేటు చిల్లుపడితే ఆయిలే కూలెంట్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆపాక మాత్రం కూలెంట్ ప్రెషర్ కాసేపు నిలుస్తుంది. అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దిగితే బేరింగులకు చేటు. కాబట్టి ఇలా ఉందని తెలిశాక బండి నడపకండి.

ఆటోనగర్‌లో ఇంకో మెకానిక్ ఓపిగ్గా చూశాడు. ముందు కూలెంట్ డబ్బా మీద బ్లాక్ టెస్ట్ పెట్టాడు. సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని నీలం ద్రవం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. మాది నీలంగానే ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినా రేడియేటర్ పై హోస్ వెంటనే గట్టిపడలేదు, గ్యాస్ చేరుతుంటే గట్టిపడేది. అప్పుడు ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ విప్పి కూలర్ బయటికి తీశాడు. ఒక రంధ్రం మూసి, రెండో దాంట్లోంచి గాలి పట్టి బకెట్ నీళ్లలో ముంచితే ఏమీ రాలేదు. "వేడెక్కితేనే తెరుచుకుంటుందేమో అన్నా" అని నీళ్లు కాచి మళ్లీ ముంచాడు. ఒక మూల, ప్లేట్ల అతుకు దగ్గర, సన్నటి బుడగలు వరసగా మొదలయ్యాయి. చల్లటి నీళ్లలో పాసైన కూలర్‌ని నమ్మకూడదని అప్పుడే కళ్లారా చూశాను.

కొత్త కూలర్, సీళ్లు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ అన్నీ కలిపినా హెడ్డు పనికి అడిగిన దాంట్లో మూడో వంతు కాలేదు. చవక రకం కూడా దొరికింది కానీ కంపెనీ పార్టే వేయించాను. ఇంత లేబర్ పెట్టి తీసిన చోట నాసిరకం పెట్టడం దండగ.

అసలు కష్టం కడగడంలో ఉంది. గిన్నెలు తోమే లిక్విడ్ వాడొద్దు, నురగతో నిండిపోతుంది. డిష్‌వాషర్ మెషీన్లో వేసే పొడికి నురగ తక్కువ, ఆయిల్‌ని బాగా విడదీస్తుంది. థర్మోస్టాట్ తీసేసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఇంజిన్ వేడెక్కించి, చల్లారాకే వదలాలి. నీళ్ల మీద జిడ్డు తేలడం ఆగేదాకా ఇదే పని. సబ్బు మిగలకుండా చివర్లో ఉత్త నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోశాం. ముందు యజమాని బోరు నీళ్లు పోసేవారట. లోపల తుప్పు, సున్నపు పొర చూస్తే కూలర్ ఎందుకు పోయిందో ఊహించొచ్చు.

రెండు వేసవులు గడిచాయి. ఏసీ వేసుకుని మధ్యాహ్నం హైదరాబాద్ హైవే మీద వెళ్లినా ముల్లు కదల్లేదు. కొత్తలో డబ్బా గోడకు పల్చటి జిడ్డు పొర కనిపించి టెన్షన్ పెట్టింది, కానీ అది పాత మురికే. తుడిచాక మళ్లీ రాలేదు.

నచ్చనివి రెండు. కింది హోస్ బాగానే ఉందని అప్పుడు మార్చలేదు, ఏడాది తిరక్కుండా ఉబ్బి మెత్తబడింది. రబ్బరుకు ఆయిల్ పడదు, హోసులన్నీ ఒకేసారి మార్పించుకోండి. రెండోది, హీటర్ ముందులా వేడిగా రావడం లేదు. దాని సన్నటి గొట్టాల్లో మురికి ఇంకా ఉన్నట్టుంది. మాకు చలికాలం అంటూ పెద్దగా లేదు కాబట్టి డ్యాష్‌బోర్డు విప్పించలేదు.